ఈ గుర్రం వయసెంత?

రాయ్‌పూర్‌లో పెళ్లివారింటి ముందు నిలబడ్డ తెల్ల గుర్రానికి పావుగంటలో నాలుగు పేర్లు వచ్చాయి. పెళ్లికొడుకు ఇంకా తయారవుతున్నాడు. బ్యాండువాళ్లు మూడో టీ తాగుతున్నారు. గుర్రం మాత్రం మెడలో జరీ పట్టీలతో, నుదుట అద్దాల బిళ్లతో ఎప్పుడో సిద్ధమైపోయింది. మా పెద్దత్తకు ఎనభై దాటాయి. వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని దాన్నే చూస్తోంది. "మన పెళ్లిళ్లలో పల్లకీ గానీ ఈ గుర్రం ఏటిరా?" అన్నది ఆవిడ అభ్యంతరం. పెళ్లికొడుకు స్నేహితులు "హార్స్ రెడీ" అని ఫోన్లో కేకలు పెడుతున్నారు. దాన్ని తోలుకొచ్చిన మనిషికి మన మాటల్లో గుర్రమనే ముక్క ఎలా అందిందో, పెద్దత్త వైపు తిరిగి వినయంగా, "ఘోడీ ఆయ్, దాయీ" అన్నాడు. ఛత్తీస్‌గఢీలో దాయి అంటే అమ్మ. ఇది ఘోడీ అమ్మా, అంటే ఆడ గుర్రం అని సవరణ. ఆ వైపు పెళ్లికొడుకు ఎక్కేది ఆడ గుర్రాన్నే కదా.

నాలుగో పేరు డబ్లిన్ నుంచి వచ్చింది. పెళ్లికొడుకు అక్క అక్కడ ఉద్యోగం చేస్తుంది. ఆమె కూతురికి ఎనిమిదేళ్లు. ఆ పిల్ల మెట్ల మీద నుంచి దూకి "కపల్! కపల్!" అంటూ గుర్రం దగ్గరికి పరుగెత్తింది. పెద్దత్త కంగారుపడింది. "ఎవరికే కాపలా? కాపలా ఏటే అమ్మా?"

కాపలా కాదు, కపల్. ఐరిష్ భాషలో గుర్రం. ఐర్లండ్ ప్రాథమిక పాఠశాలల్లో ఐరిష్ అందరూ చదవాల్సిందే. మన పిల్ల అక్కడే పుట్టింది కనుక జంతువుల పేర్లు ఐరిష్‌లో గడగడా చెబుతుంది. మరి తెలుగులో చెప్పమంటే? కుక్క, పిల్లి, ఏనుగు దాకా వచ్చి ఆగింది. గుర్రం అన్న మాట ఎవరూ చెప్పలేదట. చెప్పే సందర్భం రాలేదంది తల్లి కాస్త ముఖం చిన్నబుచ్చుకుని.

ఆ ఇంటి కథ కొత్తదేమీ కాదు. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయ్యాక శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మా పెద్దత్త అత్తవారిది ఒకటి. పెద్దత్త తెలుగు చదువుతుంది, ఉత్తరాలు రాస్తుంది. ఆవిడ కొడుకు చదువుతాడు గానీ రాయడు. మనవడు, మనవరాలు మాట్లాడతారు, ముందు హిందీలో అనుకుని. ముని మనవరాలు వింటుంది, ఇంగ్లిషులో జవాబు చెబుతుంది. నాలుగు తరాలు, నాలుగు మెట్లు. ఇలాంటి ఇళ్లు రాయ్‌పూర్‌లోనే కాదు, భిలాయ్‌లో, ఖరగ్‌పూర్‌లో, జంషెడ్‌పూర్‌లో ఎన్ని లేవు!

కానీ కపల్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఎందుకంటే ఆ మాట కూడా ఐరిష్‌కు ఇంటి ఆడపడుచు కాదు, బయటి నుంచి వచ్చిన కోడలు.

ఐరిష్‌లో గుర్రానికి అసలు పాత మాట 'ఎఖ్'. చివరి అక్షరాన్ని గొంతు గీరుకుంటున్నట్టు పలకాలి. ఇప్పుడు ఐర్లండ్‌లో దాన్ని 'అఖ్' అంటున్నారు. స్కాట్లండ్ గేలిక్‌లో ఇంకా 'ఎఖ్' అనే అంటారు. ఈ మాటకు చుట్టాలెవరో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లాటిన్ 'ఎక్వుస్', గ్రీకు 'హిప్పోస్', పర్షియన్ 'అస్ప్', సంస్కృతం 'అశ్వ'. వేల ఏళ్ల కిందట 'ఎక్వోస్' లాంటి ఒక మాట ఉండి ఉంటుందని, అది నోళ్లు మారి ఇన్ని రూపాలెత్తిందని భాషా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అట్లాంటిక్ ఒడ్డున జాలరి నోటి ఎఖ్, అశ్వమేధంలోని అశ్వం ఒక తల్లి బిడ్డలన్నమాట. హిప్పోస్ వీళ్లలో ఎలా కలిసిందని అడక్కండి. ఆ హకారం ఎక్కడిదో గ్రీకు పండితులకే ఇప్పటికీ చికాకు.

ఐర్లండ్‌ను 2008 దాకా పదకొండేళ్లు ఏలిన ప్రధాని బెర్టీ అహర్న్ గుర్తున్నాడా? అహర్న్ అన్న ఇంటిపేరు పాత ఐరిష్‌లో రెండు ముక్కలు. మొదటిది ఎఖ్, రెండోది తియర్నా, అంటే ప్రభువు. గుర్రాల దొర. మన సావిత్రి తండ్రి పేరు అశ్వపతి. అక్షరాలా అదే పేరు. ఓరుగల్లు, విజయనగరం కాలాల్లో గజపతి, నరపతి, అశ్వపతి అని రాజులకు బిరుదులుండేవి. గుర్రాలున్నవాడే దొర అన్న సంగతి ఆ కొసన, ఈ కొసన ఒకేలా తెలిసింది.

మరి కపల్ ఎక్కడిది? లాటిన్‌లో 'కబల్లుస్' అని మరో మాట ఉండేది. ఎక్వుస్ అంటే రాజుగారి గుర్రం, కావ్యాల్లోకి ఎక్కే గుర్రం. కబల్లుస్ అంటే బరువులు మోసే బక్క గుర్రం, సంతలో బేరమాడే గుర్రం. రోమన్ల రాజ్యం పోయేసరికి బక్క గుర్రమే గెలిచింది. ఫ్రెంచి షెవాల్, స్పానిష్ కబాయో, ఇటాలియన్ కవాల్లో అన్నీ దాని సంతానమే. ఇంగ్లిషువాళ్ల కావల్రీ, షివల్రీ కూడా. పాత ఎక్వుస్ ఎక్కడ మిగిలిందీ అంటే ఆడ గుర్రంలో. స్పానిష్‌లో ఆడ గుర్రం 'యెగ్వా', రుమేనియన్‌లో 'యాపా'. రెండూ ఎక్వుస్ ఆడరూపం నుంచి వచ్చినవే. ఐరిష్‌లోనూ ఇదే జరిగింది. కపల్ పనిలోకి దిగింది, ఎఖ్ పాటల్లోకి, కథల్లోకి జరిగి కూర్చుంది. నీటిలోంచి లేచి మనుషుల్ని వీపున వేసుకుని మడుగులోకి లాక్కుపోయే గుర్రం కథ ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో ఉంది. ఆ నీటి గుర్రానికి ఇప్పటికీ ఎఖ్ అనే పేరు. దయ్యాలు పాత మాటల్ని జాగ్రత్తగా కాపాడతాయి.

స్కాట్లండ్‌లో తిరగేసి జరిగింది. అక్కడ మామూలు గుర్రం ఎఖ్, కపల్ అంటే ఆడ గుర్రం. మన రాయ్‌పూర్ గుర్రాన్ని చూసి మా డబ్లిన్ పిల్ల కపల్ అంటే, స్కాట్లండ్ లెక్కన ఇంకా సరిగ్గా అన్నట్టే. అక్కడి పైన్ అడవుల్లో కోడిజాతి పెద్ద పక్షి ఒకటుంది. ఇంగ్లిషులో దాన్ని కాపర్‌కెయ్లీ అంటారు. గేలిక్‌లో 'కపల్ కోయ్లే', అడవి గుర్రం. పక్షికి గుర్రం పేరేమిటని నవ్వకండి. చెరువుల నిండా అల్లుకునే కలుపు మొక్కను మనం గుర్రపు డెక్క అనడం లేదూ!

ఇప్పుడు మన దేశానికి వస్తే కథ అచ్చం ఇదే. ఋగ్వేదం నిండా అశ్వమే. 'ఘోట' అన్న మాట అందులో కనిపించదు. తర్వాతి సంస్కృతంలో ఎక్కడి నుంచో వచ్చి చేరింది. వచ్చి ఊరుకుందా? అశ్వాన్ని పూజగదిలో కూర్చోబెట్టి వీధంతా తనే ఆక్రమించింది. హిందీ ఘోడా, మరాఠీ ఘోడా, బెంగాలీ ఘోడా, ఛత్తీస్‌గఢీ ఘోడా, బస్తర్‌లో హల్బీ ఘోడా, కాశ్మీరీలో 'గుర్'. అశ్వం మిగిలింది అశ్వమేధంలో, అశ్వగంధ సీసా మీద, అశ్వినీ నక్షత్రంలో. లాటిన్‌లో కబల్లుస్ చేసిన పని ఇక్కడ ఘోట చేసింది. యుద్ధానికెళ్లే గుర్రం పేరు పోయి బండి లాగే గుర్రం పేరు నిలబడింది.

ఈ ఘోట ఎవరిదన్నది పెద్ద తగవు. దక్షిణాది నుంచి వెళ్లిందనే పండితులున్నారు. తమిళం 'కుదిరై', కన్నడం 'కుదురె' చూడండి. మన గుర్రాన్ని పూర్వం బండి ఱతో గుఱ్ఱము అని రాసేవారు. కుదిరైలోని దకార రేఫలు దగ్గరపడి బండి ఱ అయి ఉండవచ్చని, అప్పుడు గుఱ్ఱమూ కుదిరైయూ తోబుట్టువులవుతాయని వాదన. కాదు, గుర్రం ఎరగని అందరూ ఎవరో బయటివాళ్ల దగ్గర తలోసారి అప్పు తెచ్చుకున్నారని మరో వాదన. సంగ కాలపు తమిళంలో గుర్రానికి 'ఇవుళి' అని ఇంకో మాట ఉంది. ఎక్కడో బలూచిస్థాన్‌లో బ్రాహుయీ మాట్లాడేవాళ్లు గుర్రాన్ని 'హుల్లి' అంటారు. ఈ రెండూ ఒకటేనా అన్న దాని మీద ఎన్ని పేజీలు ఖర్చయ్యాయో! సంథాలీ, ముండారీ వాళ్లు ఈ గొడవల్లో దేనికీ చేరకుండా 'సాదోమ్' అంటారు.

నాకు ఈ తగవులో తీర్పు చెప్పే అర్హత లేదు. కానీ ఒకటి గమనించాను. గుర్రం మాటెత్తితే మన దేశంలో పండితులు మామూలుగా ఉండలేరు. హరప్పాలో గుర్రం ఉందా లేదా అన్నది భాషా చర్చగా మొదలై జాతి చర్చగా ముగుస్తుంది. 2000లో ఫ్రంట్‌లైన్ పత్రికలో వచ్చిన వ్యాసం ఆ రోజుల్లో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. హరప్పా ముద్రిక మీద గుర్రమంటూ ఒక పుస్తకంలో చూపించిన బొమ్మ నిజానికి విరిగిన ముద్రిక మీది ఒంటికొమ్ము ఎద్దని అందులో బయటపెట్టారు. 2021లో నేచర్ పత్రికలో అచ్చయిన జన్యు అధ్యయనం ఇప్పటి పెంపుడు గుర్రాల పుట్టిల్లు వోల్గా, డాన్ నదుల దిగువ ప్రాంతమని, అవి లోకమంతా పాకింది సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటని చెప్పింది. గుర్రం మనందరికీ అతిథే. ఎవరింటికి ముందొచ్చింది అన్నదే పేచీ.

అతిథి ఒంటరిగా రాలేదు, సామానుతో వచ్చింది. దక్షిణాది రాజులకు గుర్రాలు ఓడల మీద అరబ్బు, పర్షియా రేవుల నుంచి రావాల్సిందే. అందుకే తెలుగులో మేలు జాతి గుర్రం 'తేజీ'. అరబ్బుదని చెప్పే పర్షియన్ మాట 'తాజీ' అది. జీను పర్షియన్, లగాము పర్షియన్, రికాబు అరబ్బు. కళ్లెం మాత్రం మనది. సింధు దేశం నుంచి వచ్చిన గుర్రం సైంధవం. అదే దారిన వచ్చిన ఉప్పు సైంధవ లవణం. అన్నింటికన్నా తమాషా 'సవారీ'. పాత పర్షియన్‌లో 'అసబార' అంటే గుర్రం మోసుకెళ్లేవాడు. అది అరిగి సవార్ అయింది, మన దగ్గరికొచ్చి సవారీ అయింది. ఎద్దుబండి సవారీ చేసినా, ఆటో సవారీ చేసినా అందులో ఒక పర్షియన్ గుర్రం దాక్కునే ఉంటుంది. అది ఐరిష్ ఎఖ్‌కు పినతల్లి బిడ్డ. రాయ్‌పూర్‌లో వీధికొక కిశోర్ ఉంటాడు. కిశోరం అంటే మొదట గుర్రప్పిల్ల. ఇది వాళ్లకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఐర్లండ్‌కూ మన గుర్రాలకూ మరో చుట్టరికం ఉంది. మా పెద్దత్త వరండాలో నాకు అది గుర్తొచ్చి ఒంటరిగా నవ్వుకున్నాను.

మన భాషల్ని లెక్కపెట్టినవాళ్లలో ఐర్లండ్‌వాళ్లు ఎంతమందో! ద్రావిడ భాషలన్నీ ఒక కుటుంబమని 1856లో పెద్ద గ్రంథం రాసి చెప్పిన కాల్డ్‌వెల్ పుట్టింది ఐర్లండ్‌లో, యాంట్రిమ్ దగ్గర. డబ్లిన్‌లో పుట్టిన విట్లీ స్టోక్స్ 1862లో మద్రాసు వచ్చాడు. వృత్తి న్యాయశాస్త్రం. మనం ఇప్పటికీ కోర్టుల్లో తిప్పుతున్న 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఆయన చెయ్యి ఉంది. కానీ ఆయన మనసంతా పాత ఐరిష్ మీద. వెయ్యేళ్లనాటి ఐరిష్ నిఘంటువు 'కోర్మాక్ పదకోశం' ఇంగ్లిషు అనువాదాన్ని సరిచూసి 1868లో అచ్చు వేయించింది ఎక్కడనుకున్నారు? కలకత్తాలో. పగలు మన చట్టాలు, రాత్రి తన మాటలు. ఇంటికి దూరమైనవాడికి సొంత భాష మీద ప్రేమ పెరగడం కొత్తేమీ కాదు కదా.

మూడోవాడు జార్జి అబ్రహాం గ్రియర్సన్. 1851లో డబ్లిన్ శివార్లలో పుట్టాడు, అక్కడి ట్రినిటీ కాలేజీలో రాబర్ట్ అట్కిన్సన్ దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. ఆ గురువు పాత ఐరిష్‌లోనూ దిట్టే. శిష్యుడు కలెక్టరు ఉద్యోగాలు చేస్తూ బీహారు పల్లెల్లో తిరిగి, 1898లో భారత భాషా సర్వేకు అధిపతి అయ్యాడు. 1903 నుంచి 1928 వరకు పదకొండు సంపుటాలు. 179 భాషలు, 544 మాండలికాలు. పట్వారీలు, పాదరీలు, బడిపంతుళ్లు దేశమంతా నింపి పంపిన కాగితాలవి. ప్రతి భాషకూ ఒకే జాబితా, 241 మాటలూ వాక్యాలూ. మీరు ఎక్కడి సంపుటం తెరిచినా ఆ జాబితాలో గుర్రం దౌడు తీస్తూ ఉంటుంది. ఒక గుర్రం, ఒక ఆడ గుర్రం, గుర్రాలు, ఆడ గుర్రాలు. తర్వాత వాక్యాలు. ఈ గుర్రం వయసెంత? ఇక్కడి నుంచి కాశ్మీరు ఎంత దూరం? తెల్ల గుర్రం జీను ఇంట్లో ఉంది. దాని వీపు మీద జీను వెయ్యి. అతను ఆ చెట్టు కింద గుర్రం మీద కూర్చున్నాడు.

ఊహించుకోండి. జన్మలో గుర్రమెక్కని బస్తర్ కొండల మనిషిని ఎవరో ఆపి తెల్ల గుర్రం జీను ఎక్కడుందని అడిగితే? కాశ్మీరెంత దూరమని అడిగితే? అయినా చెప్పారు. చెప్పబట్టే నూరేళ్ల కిందట ఏ ఊళ్లో ఎవరు ఎలా మాట్లాడారో ఇవాళ తెలుస్తోంది. గుర్రం దొరగారి వాహనం. అందుకే దొరగారి ప్రశ్నల్లో అన్నిసార్లు వచ్చిందని నా అనుమానం. భాషావేత్తలకూ అది అలవాటే. గ్రియర్సన్ బీహారు భాషల వ్యాకరణంలో నామవాచకం ఎన్ని సాగుళ్లు సాగుతుందో చూపించడానికి ఎంచుకున్నదీ గుర్రాన్నే. ఘోడా, ఘోడ్‌వా, ఘోడౌవా. మనం పిల్లాడా, పిల్లగాడా, పిల్లోడా అన్నట్టు.

రాయ్‌పూర్‌కు ఆయన రుణం ఇంకా పాతది. అప్పట్లో రాయ్‌పూర్ జిల్లాలో ఉన్న ధమ్తరీలో హీరాలాల్ కావ్యోపాధ్యాయ అనే హెడ్‌మాస్టరు ఉండేవాడు. 1885లో ఛత్తీస్‌గఢీకి వ్యాకరణం రాశాడు. అప్పటికి చాలామంది దృష్టిలో అది భాషే కాదు, పల్లెటూళ్ల మొరటు హిందీ. గ్రియర్సన్ దాన్ని ఇంగ్లిషులోకి మార్చి 1890లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించాడు. 1904 నాటి సర్వే సంపుటంలో ఛత్తీస్‌గఢీని అవధీ, బఘేలీల పక్కన తూర్పు హిందీ గుంపులో పెట్టాడు. ఒక బడిపంతులు, ఒక కలెక్టరు. వాళ్లు అచ్చులోకి ఎక్కించిన భాషకు అధికార భాష హోదా రావడానికి 2007 నవంబరు 28 దాకా ఆగాల్సి వచ్చింది. ఎనిమిదో షెడ్యూలులో చోటు కోసం ఎదురుచూపు మాత్రం తీరలేదు. 2011 జనాభా లెక్కల్లో కోటీ 62 లక్షల మంది మా మాతృభాష ఛత్తీస్‌గఢీ అన్నారు. ప్రభుత్వం వాళ్లందరినీ కూడి హిందీ గల్లాలో వేసింది. దాదాపు ముప్ఫై లక్షల మంది మాట్లాడే గోండీది మరో కథ. దానికి హిందీ గల్లా కూడా లేదు, షెడ్యూలూ లేదు.

అదే సర్వేలో తెలుగు సంగతి ఏమిటని మీరు అడగాలి. మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాద్ సంస్థానం సర్వే పరిధిలో లేవు. అందువల్ల 1906 సంపుటంలోకి తెలుగు చాలావరకు బయటి తెలుగువాళ్ల నోటి నుంచే ఎక్కింది. చాందా సాలెవాళ్ల సాలెవారి, బొంబాయి వైపు కామాఠీ, వడరీ, కోమ్టావు, దాసరి. రాళ్లు కొట్టేవాళ్లు, నేత నేసేవాళ్లు, అంగళ్లు పెట్టినవాళ్లు, ఊరు విడిచినవాళ్లు. ఇల్లు దాటి వెళ్లిన తెలుగు అప్పటికే పక్క భాషలతో కలిసి ఎలా మారుతోందో ఆ పేజీల్లో ఉంది. మా పెద్దత్త ఇంటి నాలుగు మెట్లకు అది పాత ఫొటో.

ఇక ఐరిష్. అదీ 2007లోనే, జనవరి 1న, ఐరోపా సమాఖ్య అధికార భాషల్లో చేరింది. సొంత దేశంలో మొదటి అధికార భాష. బోర్డుల మీద ఉంది, బడిలో ఉంది. 2022 జనాభా లెక్కల్లో సుమారు 18 లక్షల 70 వేల మంది మాకు ఐరిష్ వచ్చన్నారు. బడి బయట రోజూ మాట్లాడతారా అంటే చేయెత్తింది 72 వేలలోపే. వచ్చు అన్న మాటకూ, మాట్లాడతాం అన్న మాటకూ మధ్య అంత దూరం. పక్కనే ఉన్న మ్యాన్ దీవిలో మాంక్స్ అనే చెల్లెలి భాష ఉంది. గుర్రాన్ని వాళ్లు 'కాబల్' అంటారు. పుట్టుకతో మాంక్స్ మాట్లాడిన చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974 డిసెంబరులో పోయాడు. 2009లో యునెస్కో అట్లాసు ఆ భాష అంతరించిందని రాస్తే, 2001 నుంచి ఆ భాషలోనే నడుస్తున్న చిన్న బడి పిల్లలు ఉత్తరాలు రాశారు. మా భాష లేకపోతే మరి మేం దేంట్లో రాస్తున్నట్టు అని. యునెస్కో తన మాట మార్చుకుంది.

ఆ బడి గురించి చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది, కాస్త భయమూ వేసింది. తెలుగు ఎనిమిది కోట్ల మంది భాష, దానికేం కాదని మనం ధీమాగా ఉంటాం. భాషకు ఏమీ కాకపోవచ్చు. కానీ ఒక ఇంట్లో భాష పోవడానికి కోట్లతో పనేముంది? ఒక వంటింట్లో, ఒక వరండాలో, ఒక మాట చెప్పే సందర్భం రాకపోతే చాలు. మాటలూ అంతే. పెద్దత్త ఇంట్లో పాత బ్రౌన్ నిఘంటువు ఉంది. 1852 నాటి పుస్తకానికి తర్వాతి ముద్రణ. పెళ్లికొడుకు ఆలస్యం పుణ్యమా అని అందులో వెతికాను. ఆడ గుర్రానికి తెలుగులో మాట లేదని, ఆడ గుర్రం అని అతికించి చెప్పుకుంటామని అనుకునేవాణ్ని. ఉంది. 'గోడిగ'. ఎంత చక్కటి మాట! సంస్కృత ఘోటిక నుంచి వచ్చింది. వాకిట్లో మనిషి "ఘోడీ ఆయ్" అన్న ఘోడీకి అక్షరాలా అక్క. ఎఖ్ లాగే ఎవరి నోటా లేకుండా నిఘంటువు లాయంలో నిలబడి ఉంది.

"గోడిగ అంటే తెలుసా పెద్దత్తా?" అని అడిగాను.

"గోడ తెలుసు" అంది.

పిల్ల ఈలోగా గుర్రం ముక్కు నిమురుతోంది. దానికి బెల్లం ముక్క ఎలా పెట్టాలో ఆ మనిషి చూపిస్తున్నాడు, అరచెయ్యి చాచి, వేళ్లు ముడవకుండా. నాకు ఉండబట్టలేదు. నూరేళ్ల నాటి ప్రశ్న ఒకటి చేతిలో ఉంది, ఎదురుగా తెల్ల గుర్రం ఉంది. వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో అడిగాను. "యే ఘోడీ కే ఉమర్ కత్కా హే?"

అతను గుర్రం పెదవి పైకెత్తి పళ్లు చూపించాడు, నాకేదో అర్థమవుతుందన్నట్టు. "ఆఠ్ బరస్."

పిల్లకు అర్థం కాలేదు. నేను వేళ్లు చూపించాను. అది బడిలో నేర్పినట్టు ఐరిష్‌లో పాడుతూ లెక్కపెట్టి ఎనిమిదో వేలు దగ్గర "అ హొఖ్ట్!" అంది. గుర్రాలాయన వింతగా చూశాడు. ఆఠ్, అష్ట, ఒఖ్ట్ మళ్లీ ఆ పాత చుట్టరికమేనని అతనికి చెప్పే భాష నా దగ్గర లేదు. పిల్ల మొహం వెలిగిపోతోంది. గుర్రానిదీ తనదీ ఒకే వయసు.

"ఏటంటోంది?" అంది పెద్దత్త.

"ఎనిమిది అంటోంది."

"ఎనిమిదా? ఇలా రా అమ్మా." పెద్దత్త పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "ఎనిమిది. అను. గుర్రానికి ఎనిమిదేళ్లు."

"గుర్రాం" అంది పిల్ల.

"దీర్ఘం లేదు. గుర్రం."

అప్పుడే పెళ్లికొడుకు బయటికొచ్చాడు, బ్యాండు మొదలైంది, ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.